ఇంటి కింది పాతర: మూయాలా, తెరవాలా?

శ్వాసక్రియ పాఠం చదివి మార్కులు తెచ్చుకుంటాం. ఆ పాఠాన్నే మన తాతలు నేలలో తవ్వి పెట్టారంటే నమ్ముతారా?

కర్నూలు, కడప పల్లెల్లో జొన్నలు దాచేందుకు ఇంటి వాకిట్లోనో, దొడ్లోనో మిట్ట నేల చూసి పాతర తవ్వేవారు. అడుగునా, చుట్టూ ఎండుగడ్డి పరచి, గింజలు పోసి, పైన గడ్డి వేసి మట్టితో మెత్తేవారు. కాస్త గాలాడితే మంచిది కదా అంటారేమో. కాదు! లోపలి గింజలూ పురుగులూ ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. మూత గట్టిగా ఉంటే ఆక్సిజన్ తరిగిపోయి పురుగే చస్తుంది. వానలు తక్కువైన సీమలో నేల పొడిగా ఉంటుంది గనుక ఇది సాగింది. చెమ్మ దిగితే ఎంత మూసినా గింజ ముక్కిపోతుంది.

మరి పురుగును చంపిన గాలి మనిషిని వదులుతుందా? దానికి రంగూ వాసనా లేవు. తెరిచిన వెంటనే దిగినవాడు స్పృహ తప్పుతాడు. వాణ్ణి తీయబోయిన రెండోవాడి గతీ అంతే. అందుకే ముందు చాలాసేపు గాలి తగలనివ్వాలి. దీపం దించి చూడటం పాత పద్ధతి. గాలిలో సుమారు 21 శాతం ఉండే ఆక్సిజన్ 16 దగ్గరికి పడితే దీపం ఆరుతుంది. ఆరితే దిగరాదు. ఆరకపోయినా పూర్తి భరోసా లేదు.

పాతరలు దాదాపు పోయాయి. పాడుబావులూ, సెప్టిక్ ట్యాంకులూ ఉన్నాయి. ట్యాంకులోకి దీపం అసలే దించకూడదు, మీథేన్ అంటుకుంటుంది. మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఈ ఒక్కమాట ఇంట్లో చెప్పండి: గింజకు మూత, మనిషికి గాలి.