ఋతుకాలపు లోదుస్తులు – వ్యయము, సౌకర్యము

స్త్రీలు తమలో తామైనను గట్టిగా పలుకుటకు సంకోచించు విషయమును గూర్చి నేడు వ్రాయబూనితిమి. ఉప్పు పప్పులకు లెక్క వ్రాసికొను మనము, నెలనెలయు తప్పని ఈ వ్యయమునకు మాత్రము లెక్క వ్రాయము. లెక్క లేని ఖర్చును తగ్గించుట యెట్లు?

ఇటీవల అంగళ్లలో పీరియడ్ ప్యాంటీలను పేర కొన్ని లోదుస్తులు అమ్ముచున్నారు. చూచుటకు సామాన్యమైనవిగనే యుండును గాని నడుమ పొరలు కుట్టియుందురు. మేనికి తగులు పొర తడిని లోనికి జాఱవిడుచును, మధ్యపొర పీల్చికొనును, అడుగుపొర తడిని వెలికి రానీయదు. ఉతికి ఆరవేసి మరల ధరింపవచ్చును. మన అమ్మమ్మలు పాత నూలుచీర చింపి మడచి వాడిన గుడ్డకును దీనికిని ధర్మమొక్కటియే. గుడ్డ వాడుక గతించినదనుకొనరాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 24 ఏండ్ల వయసుగల స్త్రీలలో దాదాపు సగముమంది గుడ్డను వాడుచున్నట్లు తేలినది.

ఇక లెక్క చూతము. ఒక లోదుస్తు వెల 500 రూపాయలనుకొందము. ఒకటి ఒంటిమీద, ఒకటి నానుచు, ఒకటి ఆరుచు, ముసురు దినములకింకొకటి – నాలుగైనను లేనిది జరుగదు. వెరసి 2,000 రూపాయలు. అవి రెండేండ్లు మన్నినవనుకొందము. 6 రూపాయల ప్యాడ్లు నెలకు 20 కొనువారికి రెండేండ్లకు 2,880 రూపాయలగును. కావున సబ్బువెల గాక 880 రూపాయలు మిగులును. అయితే 2019 ఆగష్టు నుండి జనౌషధి కేంద్రములలో ప్యాడు 1 రూపాయకే లభించుచున్నది. వానిని కొనువారికి రెండేండ్ల వ్యయము 480 రూపాయలే. అట్టివారికి ఈ లోదుస్తులవలన చెత్త తగ్గునే గాని ధనము మిగులదు. ఒకేమాఱు 2,000 రూపాయలు వెచ్చింపలేని యింట మెత్తని పాత నూలుగుడ్డ చాలును.

పాఠశాలకో కచేరికో పోవువారికి పగటివేళ వీనిని మార్చుకొనుట కష్టము. క్రింది వస్త్రములు విప్పవలసియుండును, తడిసినదానిని ఇంటివఱకు మోయవలసియుండును. కావున పగలు ప్యాడ్లును, రాత్రులందును స్రావము తగ్గిన దినములందును లోదుస్తులును వాడుట యుక్తము. అప్పుడు రెండుతోనే సరిపుచ్చుకొనవచ్చును. గంటకొక ప్యాడు తడియునంతటి స్రావమున్నచో వస్త్రమును మార్చుట కాక, జాగుసేయక వైద్యురాలికి చూపించుకొనవలయును.

విడిచిన లోదుస్తును ఆనాడే చన్నీట జాడించి, సబ్బుతో ఉతికి, పూర్తిగా ఎండువఱకు ఆరవేయవలయును. వేడినీట మరక పట్టుకొనును. ఇస్త్రీవేడికి అడుగుపొర చెడును. బట్టలను మెత్తబఱచు ద్రవములవలన పీల్చు గుణము తగ్గును. తడియారనిదానిని ధరించినచో దురదయు, దద్దురులును, అంటుజాడ్యములును కలుగవచ్చును.

మన యిండ్లలో అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. పురుషుల కంటబడునను సిగ్గుచేత పెక్కుమంది స్త్రీలు ఈ గుడ్డలను చీరల మాటునను, మంచముల వెనుకను, స్నానపుగది మూలలందును ఆరవేయుదురు. అచ్చట గాలి సోకదు, ఎండ తగులదు. 500 రూపాయల లోదుస్తైనను ఆ మూలనే ఆరినచో చింకిగుడ్డకంటె మేలు చేయజాలదు. పిల్లకు జబ్బు చేసిన పిదప వైద్యమునకు వెచ్చించు సొమ్ముతో పోల్చిన, పెరటిలో కట్టు త్రాటివెల యెంత?

కావున అత్తలకును తల్లులకును మా విన్నపమిది: లోదుస్తులు కొనుటకు ముందే, కోడండ్రకును కూతుండ్రకును ఎండ తగులు చోట ఒక దండెము కట్టించి యిండు. దానిపై వారు నిస్సంకోచముగా ఆరవేసికొనునట్లు, మీ గుడ్డను మీరే మొదట ఆరవేయుడు.