మేలట్టూరు భాగవతమేళము – కూచిపూడి: అడుగుల తారతమ్యము

కూచిపూడివారి ఆటయు, తంజావూరు మండలమందలి మేలట్టూరు భాగవతమేళమును ఒక్క చెట్టు కొమ్మలేయని చెప్పుట మనవారిలో పరిపాటి. రెండింటను మాట తెలుగు, పాట తెలుగు, కథలు పురాణములు. స్త్రీ వేషము కట్టువారును పురుషులే. అచ్యుతప్ప నాయకుడు బ్రాహ్మణ కుటుంబములకు భూమి యిచ్చి నిలిపిన గ్రామము మేలట్టూరు. ఇంతవరకు వివాదము లేదు. కాని నాట్యమును చెవితో మాత్రమే పోల్చినచో చాలదు. మాటను విడిచి పాదమును చూచినచో ఈ చుట్టరికము వేఱొకరీతిగ కానవచ్చును.

మేలట్టూరులో నృత్తమునకు ఆధారము భరతనాట్యమున నేర్పు అడవులే. మోకాళ్ళను ప్రక్కలకు విప్పి, మొండెము కదలనీయక, పాదము మొత్తము నేలకు తట్టుట తట్టడవు. కాలు చాచి మడమను నేలకు ఆనించుట నాట్టడవు. మునివేళ్ళపై ఎగిరి నిలిచి మడమలను దించుట కుదిత్తమెట్టు. (తట్టు, మెట్టు అను మాటలు తెలుగువానికిని క్రొత్తవి కావు.) చేతులు భుజముల యెత్తున తిన్నగ సాగును, అంగములన్నియు రేఖలు గీచినట్లుండును.

కూచిపూడియందును అరమండి కలదు. అయినను పాతతరము భాగవతులు అందు నిలిచిపోవుట తక్కువ. అడుగు పడినవెంటనే శరీరము లేచును, మరల వంగును. మొండెము ఆ లయను అనుసరించి ఊగును. భామాకలాపమున తెరపై జడవేసి ప్రవేశించు సత్యభామ నడకలోనే పాత్ర స్వభావమంతయు తెలియును. ఆ నడకను అడవులుగ విడగొట్టి చూపుట కష్టము. వేదాంతం సత్యనారాయణశర్మ వేషమును చూచినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

ఈ భేదమునకు కారణము నేలయందే వెదకదగును. కూచిపూడి మేళములు ఊరూర తిరిగి ఆడినవి. మేలట్టూరువారు వైశాఖమున నృసింహ జయంతికి తమ వరదరాజస్వామి సన్నిధినే రాత్రివేళ ఆడుదురు. అది తంజావూరు ఆస్థాన నర్తనము పెరిగిన సీమ. చిన్నయ్య, పొన్నయ్య, శివానందము, వడివేలు సోదరులు రెండవ శరభోజి కాలమున అడవుల పాఠమును క్రమపరచినది అచ్చటనే. మాట వెంట వచ్చినది, అడుగు ఇరుగుపొరుగున దొరకినది.

పోల్చువారు ఒక జాగ్రత్త వహింపవలెను. వెంపటి చినసత్యం 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, అరమండిని లోతుచేసి, అంగరేఖలను దిద్ది, నేర్పు క్రమమును స్థిరపరచెను. నేటి కూచిపూడి నర్తకిని మేలట్టూరు నటునిప్రక్క నిలిపిన రెండును మిక్కిలి దగ్గరగ తోచుట కొంతవరకు ఈ సంస్కారఫలము. దానిని ప్రాచీన బంధుత్వమునకు సాక్ష్యముగ తీసికొనరాదు.

మేలట్టూరు వేంకటరామశాస్త్రి ప్రహ్లాదచరిత్రమున ఒక ఘట్టము ఈ కొలతల కన్నింటికిని లొంగదు. ఆరంభమున కోణంగి వచ్చి గంతులు వేయును. పిమ్మట ఏనుగుమొగముతో బాలగణపతి. లీలావతి, హిరణ్యకశిపుడు ప్రవేశదరువులలో అడవులను చక్కగ ప్రదర్శింతురు. తుదకు నరసింహుడు వెలువడును. ఆ మొగము ఆలయమున పూజలందుకొనునది, ధరించువాడు ఉపవాసముండును. ఆవేశించిన ఆ మూర్తిని ప్రక్కవారు పట్టి నిలుపవలసివచ్చును. అచ్చట అడవు లేదు, తాళము లేదు.

అడుగు నిలిచినది సరే, పలుకు మాటయేమి? నటులలో పలువురికి నేడు వ్యవహారభాష తమిళమే. తెలుగు పాఠమును తమిళలిపిలో వ్రాసికొని నేర్చువారును కలరు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికి అక్షర మొక్కటియే. ఆంగికమునకు గురువు ప్రక్కయూరిలోనైన దొరకును, వాచికమునకు దొరకుట దుర్లభము. తమిళనాట సంగీతపుస్తకములలో అక్షరముప్రక్కన 2, 3, 4 అంకెలు వేసి ఈ భేదమును చూపు పద్ధతి కలదు. భాగవతమేళ నాటకములను ఆ రీతిని అచ్చొత్తించుట తెలుగు సంఘములకు పెద్ద వ్యయము కాదు.