రిలీవర్ రాని షిఫ్టు

2023 ఆగస్టు 3న బ్రామ్ మూలెనార్ అనే డచ్ ప్రోగ్రామర్ కన్నుమూశాడు. 'విమ్' అనే టెక్స్ట్ ఎడిటర్‌ను ముప్పై ఏళ్లకు పైగా దాదాపు ఒంటిచేత్తో నడిపించిన మనిషి ఆయన. ఆ మరణంతో ఏ సంబంధమూ లేకుండా, అదే నెలలో, విమ్ నుంచి చీలి పెరిగిన 'నియోవిమ్' వాడేవాళ్లకు ఇంకో కబురు అందింది. 'ప్యాకర్' అనే చిన్న సాఫ్ట్‌వేర్ పేజీలో పైనే ఒక ప్రకటన కనిపించింది. ప్రస్తుతానికి దీన్ని చూసుకునేవాళ్లు లేరు, ఫలానావి వాడుకోండి అని దాని సారం. మొదటి వార్త లోకమంతటికీ తెలిసింది. రెండోది పత్రికలకెక్కలేదు. అయినా తెల్లారి ఆఫీసులో కూర్చుని తమ సెట్టింగులు తిరగరాసుకున్న ప్రోగ్రామర్లకు ఎక్కువ పని పెట్టింది ఆ రెండోదే.

అలాంటి ప్రోగ్రామర్లు మన దగ్గరా ఉన్నారు. బొగ్గుబాయి జీతం మీద చదువుకుని సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన పిల్లలు గోదావరిఖని కాలనీల్లో ఎంతోమంది. అదే బొగ్గు ప్రాంతంలోని సెంటినరీ కాలనీలో ఉన్న జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో ఆ దారి పట్టబోయేవాళ్లు ఇప్పుడు చదువుతున్నారు. పిల్లలు 'కంప్యూటర్ మీద పని' చేస్తారని అమ్మానాన్నలకు తెలుసు. ఆ పని ఏ పనిముట్టుతో జరుగుతుందో మాత్రం ఇంట్లో మాటల్లోకి పెద్దగా రాదు.

కోడ్ అంటే చివరికి అక్షరాలే. వాటిని టైపు చేయడానికి, దిద్దడానికి, వేల వరుసల్లో ఒక్క మాట వెతకడానికి వాడేది టెక్స్ట్ ఎడిటర్. 1976లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో బిల్ జాయ్ అనే విద్యార్థి 'వీఐ' అనే ఎడిటర్ రాశాడు. అప్పుడు ఆయన ముందున్న ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులకు విడిగా మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ అక్షరాల మీదే బాణాలు ముద్రించి ఉండేవి. ఆ టెర్మినళ్లు ఎప్పుడో మూలపడ్డాయి గానీ, విమ్ వాడేవాళ్ల వేళ్లు ఈరోజుకీ కర్సర్‌ను ఆ నాలుగు అక్షరాలతోనే తిప్పుతాయి. మూలెనార్ 1988లో తన అమీగా కంప్యూటర్ కోసం వీఐని పోలిన ఎడిటర్ మొదలుపెట్టి, 1991లో విమ్ పేరుతో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. నచ్చితే ఉగాండాలోని కిబాలేలో పేద పిల్లలకు సాయం చేయండని మాత్రం అడిగాడు.

ఎడిటర్ ఒక్కటే సరిపోదు. తప్పున్న వరుసను అక్కడికక్కడే చూపించాలి, సగం రాసిన పేరును పూర్తి చేయాలి, నిన్నటికీ ఇవాళ్టికీ ఫైల్లో ఏం మారిందో పక్కనే చెప్పాలి. ఈ అదనపు పనులు చేసే చిన్న చిన్న ప్రోగ్రాములే ప్లగిన్లు. ఎవరో ఒకరు తీరిక వేళల్లో రాసి ఉచితంగా పెడతారు. కొందరి ఎడిటర్‌లో ఇవి నలభై, యాభై కూడా ఉంటాయి. వాటిని తెచ్చి పెట్టడం, అప్‌డేట్ చేయడం, అక్కర్లేనివి తీసేయడం ప్లగిన్ మేనేజర్ పని. ప్యాకర్ చేసింది అదే.

మేనేజర్లు లేని రోజుల్లో ఈ పని ఎంత చికాకో ఇప్పటి కుర్రాళ్లకు తెలియదు. ప్లగిన్‌ను జిప్ ఫైలుగా దింపుకుని విమ్ ఫోల్డర్‌లో విప్పితే, అందులోని ఒక ముక్క 'ప్లగిన్' అనే లోపలి ఫోల్డర్‌లోకి, ఇంకోటి 'సింటాక్స్'లోకి, సహాయపత్రం 'డాక్'లోకి వెళ్లిపడేవి. ఇట్లా పది ప్లగిన్లు విప్పాక ఏ ఫైలు దేనిదో చెప్పడం కష్టం. ఒకటి తీసేయాలంటే లోపలున్న ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూసుకోవాల్సిందే. చాలామంది తీసేయడమే మానేశారు. ఐదేళ్ల కింద దింపిన ప్లగిన్ పనికిరాకపోయినా మూలన అట్లాగే ఉండిపోయేది.

2008లో టిమ్ పోప్ రాసిన 'పాథోజెన్' దీన్ని ఒక్క ఆలోచనతో సర్దింది: ఏ ప్లగిన్‌కు ఆ ప్లగిన్ సొంత ఫోల్డర్, అన్నింటినీ ఎడిటర్‌కు చూపించే బాధ్యత పాథోజెన్‌ది. వద్దనుకుంటే ఆ ఫోల్డర్ చెరిపేస్తే చాలు. దింపుకునే పని మాత్రం ఇంకా మనిషిదే. ఆ కొరత తర్వాత వచ్చిన 'వండిల్' తీర్చింది. సెట్టింగుల ఫైల్లో పేర్లు రాసి ఒక ఆజ్ఞ ఇస్తే, ప్లగిన్ల కోడ్ ఉండే గిట్‌హబ్ నుంచి అదే తెచ్చుకుంటుంది. 2013లో కొరియాకు చెందిన జునెగున్ చోయ్ 'విమ్-ప్లగ్' తెచ్చాడు. మొత్తం ఒకే ఒక్క ఫైలు. అన్ని ప్లగిన్లనూ ఒకేసారి సమాంతరంగా దింపుతుంది. పైగా ఒక్కో ప్లగిన్ పాత చరిత్రంతా మోసుకురాకుండా తాజా రూపం మాత్రమే తెస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ప్రాజెక్టు నెట్టుకొచ్చే విద్యార్థి దీన్ని వెంటనే మెచ్చుకుంటాడు.

2016 సెప్టెంబరులో వచ్చిన విమ్ 8, ప్లగిన్ల ఫోల్డర్లను తనంతట తానే గుర్తించడం నేర్చుకుంది. దాంతో కొత్తవాళ్లకు పాథోజెన్ అవసరం తీరిపోయింది. ఆ మాట దాని పేజీలో పోప్ స్వయంగా రాసిపెట్టాడు. తన పని అయిపోయిందని తానే చెప్పుకునే సాఫ్ట్‌వేర్ అరుదు. ఆ ఒక్క కారణంతోనైనా పాథోజెన్‌ను గుర్తుంచుకోవాలి.

నియోవిమ్ కథ వేరు. 2014లో తియాగో డి అరుడా అనే బ్రెజిల్ ప్రోగ్రామర్ విమ్ కోడ్ తీసుకుని, పాత బరువు దించి, చందాలు పోగుచేసి దీన్ని మొదలుపెట్టాడు. 2021 జూలైలో వచ్చిన 0.5 వెర్షన్ నుంచి సెట్టింగులన్నీ లూవా భాషలో రాసుకునే వీలు వచ్చింది. లూవా కూడా బ్రెజిల్‌దే, 1993లో రియో డి జనేరోలోని కేథలిక్ యూనివర్సిటీలో పుట్టింది. విల్ థామసన్ రాసిన ప్యాకర్ పూర్తిగా లూవా కావడంతో కొత్తగా నియోవిమ్‌కు వచ్చినవాళ్లు దాన్నే పట్టుకున్నారు. 2022 డిసెంబరులో బెల్జియంకు చెందిన ఫోల్కే లెమైత్ర్ 'లేజీ' విడుదల చేశాడు. పేరుకు తగ్గట్టే ఇది ప్లగిన్‌ను అవసరం పడ్డప్పుడే లేపుతుంది. పైథాన్ ఫైలు తెరిచేదాకా పైథాన్ ప్లగిన్ నిద్రలోనే ఉంటుంది. ఎనిమిది నెలల తర్వాత ప్యాకర్ పేజీలో ఆ ప్రకటన వచ్చినప్పుడు, వాడుకోమని సూచించిన వాటిలో మొదటి పేరు లేజీదే.

ఇక్కడ ఒక మాట. ప్యాకర్ ఆగకముందే లేజీకి మారినవాళ్లు చాలామంది, కారణం వేగం. ఎడిటర్ సెకనులో పదో వంతు ముందు తెరుచుకుంటే గొప్పే గానీ, రోజుకు నాలుగుసార్లు తెరిచేవాడికి దానితో ఒరిగేదేముంది? ఏ ప్లగిన్ ఎన్ని మిల్లీసెకన్లు తింటోందో చెప్పే సదుపాయం విమ్‌లోనూ నియోవిమ్‌లోనూ ఉంది. 'స్టార్టప్‌టైమ్' అని అడిగితే లెక్కంతా ఫైల్లో రాసిస్తుంది. చాలాసార్లు తప్పు మేనేజర్‌ది కాదు, ఏదో ఒక్క బరువైన ప్లగిన్‌ది అని తేలుతుంది. కొలవకుండా మేనేజర్ మార్చడం సరదా కోసమే. సరదా తప్పు కాదు, రేపటికి ఇవ్వాల్సిన పని చేతిలో లేకపోతే. ఆలనాపాలనా ఆగిపోవడం మాత్రం అసలైన కారణం. ఎడిటర్ కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి, వాటికి తగ్గట్టు మేనేజర్‌ను సర్దే మనిషి లేకపోతే ఏదో ఒక ఉదయం అది తెరుచుకోదు.

మారడం భయపడేంత పని కాదు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన నియోవిమ్ 0.9 ఒక మంచి వెసులుబాటు ఇచ్చింది: 'ఎన్‌విమ్ యాప్‌నేమ్' అనే వేరియబుల్‌లో వేరే పేరు ఇస్తే, నియోవిమ్ ఆ పేరున్న కొత్త సెట్టింగుల ఫోల్డర్‌తో మొదలవుతుంది. పాతదాన్ని ముట్టుకోదు. ఆఫీసు పని పాతదానితో నడుపుకుంటూ, సాయంత్రాలు కొత్తదాన్ని కట్టుకోవచ్చు. ప్లగిన్ల జాబితా దాదాపు అట్లాగే తీసుకెళ్లొచ్చు, కొన్ని పేర్లు మాత్రం మారతాయి. ప్యాకర్‌లో 'రిక్వైర్స్' అన్నది లేజీలో 'డిపెండెన్సీస్'. 'రన్' అన్నది 'బిల్డ్'. చాలామంది తడబడేది 'సెటప్' దగ్గర. ప్యాకర్‌లో అది ప్లగిన్ లేవకముందు జరగాల్సిన పని, లేజీలో ఆ పనికి 'ఇనిట్' అని పేరు. అట్లాగే సొంత షార్ట్‌కట్లకు ముందు నొక్కే లీడర్ మీట ఏదో లేజీని పిలవకముందే చెప్పాలి. తర్వాత చెబితే కొన్ని షార్ట్‌కట్లు పాత మీట మీదే కట్టుబడిపోతాయి, ఎందుకు పనిచేయడం లేదో అర్థం కాక ఓ గంట పోతుంది.

ప్యాకర్ వెళ్లిపోతూ ఒక ఫైలు వదిలిపెడుతుంది. అది తన జాబితాను ముందుగానే వండి 'ప్యాకర్ కంపైల్డ్' అనే పేరుతో ప్లగిన్ ఫోల్డర్‌లో దాచుకుంటుంది. అక్కడున్న ఏ ఫైలునైనా నియోవిమ్ మొదలవగానే చదువుతుంది కాబట్టి, పాత సెట్టింగుల ఫోల్డర్‌లోనే మేనేజర్‌ను మార్చినవాళ్లకు, ప్యాకర్‌ను తీసేశాక కూడా దాని ఆజ్ఞలు నడుస్తూనే ఉంటాయి. 'చెక్‌హెల్త్' ఆజ్ఞ ఇస్తే ఆ ఫైలు మిగిలి ఉందని లేజీయే చెబుతుంది. చెరిపేస్తే సరి.

లేజీ తన పక్కన ఒక లాక్ ఫైలు ఉంచుకుంటుంది. ఏ ప్లగిన్ ఏ రూపంలో ఉందో, మార్పుల చరిత్రను దాచే గిట్ ఇచ్చిన గుర్తింపు సంఖ్యతో సహా అందులో ఉంటుంది. బొగ్గుబాయిలో షిఫ్టును పర్యవేక్షించి దిగే ఓవర్‌మెన్ రిపోర్టు పుస్తకంలో రాసిపెడితే తర్వాతి షిఫ్టు ఓవర్‌మెన్ చదువుకుని పనిలోకి దిగినట్టే, ఈ ఫైలు చూసి కొత్త ల్యాప్‌టాప్‌లో అవే ప్లగిన్లు అదే రూపంలో పెట్టుకోవచ్చు. నిన్న రాత్రి చేసిన అప్‌డేట్ పొద్దున్నే తిరగబడితే, గిట్‌లో దాచుకున్న నిన్నటి లాక్ ఫైలు తీసుకుని 'రిస్టోర్' అంటే పాత స్థితి వస్తుంది. ఈ ఫైలును గిట్‌లో చేర్చకుండా వదిలేసేవాళ్లు చాలామంది. మేనేజర్ ఏదైనా సరే, ఇది ఒక్కటి జాగ్రత్త చేసుకుంటే సగం బాధ తీరుతుంది.

రిపోర్టు పుస్తకం ఎంత బాగా రాసినా తర్వాతి మనిషి రావాలి కదా. బాయిలో తన పనులు పూర్తయ్యేదాకా, లేదా రిలీవర్ వచ్చేదాకా ఓవర్‌మెన్ కదలకూడదని నిబంధన. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అలాంటి నిబంధన ఏదీ లేదు, ఉండటం న్యాయమూ కాదు. జీతం లేని పని ఎప్పుడు ఆపాలో చేసేవాడి ఇష్టం. విమ్ అదృష్టం బాగుంది. మూలెనార్ తర్వాత క్రిస్టియన్ బ్రబాండ్ట్, మరికొందరు పాత సహచరులు బాధ్యత తీసుకున్నారు. 2024 జనవరి 2న వచ్చిన విమ్ 9.1ను మూలెనార్‌కే అంకితం చేశారు.

వచ్చే మనిషి ఎవరన్నది కూడా ముఖ్యమే. లినక్స్ కంప్యూటర్లలో ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను లాస్సే కొలిన్ ఏళ్ల తరబడి ఒక్కడే చూసుకున్నాడు. ఆయన అలసిపోయిన సమయంలో 'జియా టాన్' పేరుతో ఒకరు వచ్చి, రెండేళ్లకు పైగా ఓపికగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ దాన్ని బయటపెట్టాడు. ఆయనకు అనుమానం వచ్చింది సర్వర్‌లో లాగిన్ కావడానికి అరసెకను ఎక్కువ పడుతోందని! మిల్లీసెకన్లు కొలిచేవాళ్లను పైన కాస్త ఎగతాళి చేసినందుకు ఇక్కడ సర్దుకోక తప్పదు. ఎడిటర్ ప్లగిన్ కూడా మన ఫైళ్లన్నీ చదవగల ప్రోగ్రామే. 'అన్నీ అప్‌డేట్ చేయి' అని నొక్కడమంటే ముక్కూమొహం తెలియని నలభై మంది కోడ్‌ను ఇంట్లోకి రానివ్వడం. నెలకోసారి, ఏం మారిందో ఒక కన్ను వేసి చేస్తే చాలు.

ఇప్పుడు ఎడిటర్లే మేనేజర్ పనిని మీద వేసుకుంటున్నాయి. ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ 2012లోనే వెర్షన్ 24తో పాటు సొంత ప్యాకేజీ మేనేజర్ ఇచ్చింది. ప్లగిన్ల సెట్టింగులు సర్దడానికి జనం ఎక్కువగా వాడే 'యూజ్-ప్యాకేజ్' కూడా 2023లో వెర్షన్ 29లో కలిసిపోయింది. ఈమాక్స్‌లో తెలుగు టైపింగ్ పద్ధతులు ఏ ప్లగిన్ లేకుండానే ఉంటాయన్నది తెలుగువాళ్లు తెలుసుకోదగ్గ సంగతి. నియోవిమ్ కూడా 0.12 వెర్షన్ కోసం 'విమ్.ప్యాక్' అనే సొంత మేనేజర్‌ను 2025లో తన కోడ్‌లో చేర్చుకుంది. లేజీ హంగులన్నీ అందులో లేవు, పది ప్లగిన్లున్నవాడికి ఆ హంగుల అవసరమూ లేదు. ఇప్పటికే లేజీ మీద సాఫీగా నడుస్తున్నవాళ్లు దానికోసం తొందరపడి మారనక్కర్లేదు.

సెంటినరీ కాలనీ హాస్టల్లో విమ్‌ను ఇవాళే మొదటిసారి తెరిచే విద్యార్థికి ఈ మేనేజర్లలో ఏదీ అక్కర్లేదు. విమ్‌తో పాటే 'విమ్‌ట్యూటర్' అనే పాఠం వస్తుంది, అరగంట పని. నియోవిమ్‌లో 'ట్యూటర్' అని ఆజ్ఞ ఇస్తే అలాంటి పాఠమే తెరుచుకుంటుంది. మొదటి ప్లగిన్ సంగతి ఆ తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు.