మనసు బాగోలేదని చెప్పుకోనిద్దాం!

"వీడికి పిచ్చి ముదిరింది, ఎర్రగడ్డకి తీసుకుపోవాల్సిందే!"

హైదరాబాద్‌లో ఈ మాట వినని ఇల్లు ఉండదేమో. ఫిల్మ్‌నగర్‌కి ఎంతో దూరంలో లేని ఎర్రగడ్డలో మానసిక చికిత్సాలయం ఉంది. సినిమాల్లో ఆ ఊసెత్తితే చాలు, హాల్లో నవ్వులు. కానీ ఆ నవ్వు వెనక ఎంత భయం ఉందో మొన్న పండక్కి తెలిసింది.

మా ఆడపడుచు కూతురు విమానం నడపడం నేర్చుకుంటోంది. "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదత్తయ్యా, ఒకటే బెంగ" అంది. డాక్టరుకి చూపించుకోరాదూ అంటే, "అమ్మో! ఎర్రగడ్డ మొహం చూశానని తెలిస్తే ఇంక లైసెన్సు ఇస్తారా?" అనేసింది.

దాచుకోవడంలోనే ఉంది ముప్పు. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ కావాలనే కొండల్లో కూల్చేశాడు. అతనితో కలిపి 150 మంది పోయారు. పనికి వెళ్లొద్దని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని అతను కంపెనీకి చూపించకుండా చించేశాడు.

జలుబు మాత్రే కదా అనుకోకండి

చిన్న విమానంలో చాలాసార్లు పైలట్ ఒక్కరే ఉంటారు. కాస్త మగత కమ్మితే ఆదుకునే రెండో చెయ్యి ఉండదు. 1990 నుంచి 2012 దాకా ప్రమాదాల్లో మరణించిన పైలట్ల పరీక్షా ఫలితాలను అమెరికా రవాణా భద్రతా బోర్డు పరిశీలించింది. వాళ్లలో చాలామంది చిన్న విమానాల వాళ్లే. చురుకుదనాన్ని తగ్గించే మందుల్లో ఎక్కువగా బయటపడింది గంజాయి కాదు, జలుబుకీ అలర్జీకీ వాడే డైఫెన్‌హైడ్రమిన్! మందు కనిపించినంత మాత్రాన ప్రమాదానికి అదే కారణమని కాదు. 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లాలో శిక్షణ విమానం కూలి ఓ యువతి మరణించినప్పుడు మా ఇంటిల్లిపాదీ వణికిపోయాం. అయితే విమానం కూలిన ప్రతిసారీ పైలట్ మనసునే అనుమానించడం అన్యాయం.

ఎగరబోయే ముందు పైలట్లు తమను తాము కొన్ని ప్రశ్నలు వేసుకోవాలట. ఒంట్లో నలతగా ఉందా? ఏదైనా మందు వేసుకున్నానా? ఒత్తిడి ఉందా? మద్యం తాగానా? అలసిపోయానా? మనసు కలతగా ఉందా? మన దేశంలోనైతే ఎగరడానికి 12 గంటల ముందు నుంచి చుక్క కూడా ముట్టకూడదు.

చికిత్స తీసుకుంటే ఉద్యోగం పోయినట్టేనని అనుకోనక్కర్లేదు. డిప్రెషన్‌కి కొన్ని రకాల మందులు వాడుతూనే, వైద్యుల పర్యవేక్షణలో విమానం నడిపేందుకు అమెరికా 2010 నుంచి అనుమతిస్తోంది. మన పౌర విమానయాన డైరెక్టరేట్ కూడా 2023లో పైలట్ల మానసిక ఆరోగ్యంపై సూచనలిచ్చింది. తోటి పైలట్లతో మనసు విప్పి చెప్పుకునే ఏర్పాటు ఉండాలంది.

ఇక ఇంట్లో మనం చేయగలిగింది? బండి నడిపే భర్తకైనా, విమానం నడిపే కూతురికైనా జలుబు మాత్ర ఇచ్చేముందు మగత వస్తుందేమో అడిగి తెలుసుకుందాం. నిద్ర లేదంటే "అదే పోతుందిలే" అనొద్దు. టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ పిల్లతో నేనే పక్కన కూర్చుని చేయించాను. పిల్లలెదుట ఎర్రగడ్డ పేరు చెప్పి వెక్కిరించడం మాత్రం ఇవాళే మానేద్దాం. రేపు వాళ్లకి కష్టమొస్తే నోరు విప్పి చెప్పాల్సింది మనకే కదా!