రాబర్ట్ ఓర్మ్

రాబర్ట్ ఓర్మ్ (డిసెంబర్ 25, 1728 - జనవరి 13, 1801) ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, యుద్ధ చరిత్రకారుడు. కర్ణాటక యుద్ధాల కాలపు చిత్తూరు, తిరుపతి ప్రాంతాల చరిత్రకు ఈయన రచన ముఖ్యమైన ఆధారం.

జీవితం

ఓర్మ్ తిరువాన్కూరు తీరంలోని అంజెంగోలో కంపెనీ వైద్యుని కుమారునిగా జన్మించాడు. 1743లో కంపెనీ కొలువులో చేరాడు. 1754 నుండి 1758 వరకు మద్రాసు కౌన్సిల్ సభ్యుడు. 1756లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నపుడు, బెంగాలుకు పంపే సేనకు క్లైవును నాయకునిగా ఎంపిక చేయడంలో ఈయన పాత్ర ఉంది. 1769లో కంపెనీ అధికారిక చరిత్రకారునిగా నియమితుడయ్యాడు.

రచనలు

హిందూస్థానంలో 1745 నుండి జరిగిన బ్రిటిషు వారి సైనిక చర్యలను వివరించే గ్రంథం ఈయన ప్రధాన రచన. దీని మొదటి సంపుటం 1763లో, రెండవది 1778లో వెలువడినవి. మొగలు సామ్రాజ్యం, మరాఠాలను గురించిన గ్రంథం 1782లో వచ్చింది. ఈయన సేకరించిన వ్రాతప్రతులు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

చిత్తూరు సీమ ప్రస్తావనలు

1740లో పాకాల సమీపంలోని దామలచెరువు కనుమ వద్ద మరాఠాలతో జరిగిన యుద్ధంలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ మరణించాడు. ఓర్మ్ ఈ యుద్ధాన్ని వర్ణించాడు. తరువాతి నవాబు మహమ్మద్ అలీ తన బాకీకి హామీగా తిరుపతి ఆలయ ఆదాయాన్ని కంపెనీకి అప్పగించాడు. అందువలన ఆ ఆదాయం కోసం జరిగిన దాడులు కూడా ఈ గ్రంథంలో చోటుచేసుకున్నాయి. ఇందులో తిరుపతి పేరు 'ట్రిపెట్టి' అని కనిపిస్తుంది.

పరిమితులు

యుద్ధ నిర్ణయాలు చేసిన కౌన్సిల్‌లో సభ్యుడైనందున ఓర్మ్‌కు అనేక వివరాలు దగ్గరగా తెలుసు. అయితే ఆ కారణం చేతనే కథనం కంపెనీ దృష్టితో సాగుతుంది. కావున దీనిని మరాఠీ, ఫారసీ, ఫ్రెంచి ఆధారాలతో సరిపోల్చి చదవడం అవసరం.