కాలువ గట్టు మీది పొట్టి మాటలు

రాయచూరు జిల్లాలో సింధనూరు, మాన్వి పక్క ఊళ్ల పేర్లు అడిగితే చాలావాటి చివర 'క్యాంపు' అని వినపడుతుంది. సైన్యం దిగిన చోట్లు కావవి. 1950లలో తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లొస్తున్నాయని తెలిసి కోస్తా జిల్లాల రైతులు వచ్చారు. చవగ్గా దొరికిన నల్లరేగడి కొని, పొలాల్లోనే పాకలు వేసుకుని కాపురాలు పెట్టారు. నాలుగు రోజుల మకాముకు చెప్పే మాట తరాలు గడిచినా ఊరి పేరుగానే ఉండిపోయింది. సింధనూరు దగ్గర బెంగాలీ కాందిశీకులు స్థిరపడిన ఊళ్లకూ క్యాంపు అనే పేరు.

క్యాంపు పొట్టి ఇంగ్లీషు మాట. ఇంగ్లీషులో జనం రోజూ వాడే మాటలు చాలామటుకు ఇలా పొట్టివే. ఎంత ఎక్కువగా వాడితే మాట అంత కురచగా ఉంటుందని అమెరికా పండితుడు జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ 1930లలో లెక్కలు తీసి చూపించాడు. అయితే ఆ లెక్కలో ముందు వరసన ఉండే ది, అండ్, టు, ఇన్ విడి మాటలుగా మన నోటికి ఎక్కలేదు. వాటితో మనకు పని లేదు. 'మాన్విలో', 'రాయచూరుకు' అన్నప్పుడు ఆ పని విభక్తులే చేసేస్తాయి. మనకు వచ్చినవి ఎక్కువగా వస్తువుల పేర్లు. బొంబాయి నుంచి వచ్చే రైలుమార్గం, మద్రాసు నుంచి వచ్చే మార్గం 1871లో రాయచూరులోనే కలిశాయి. రైలుతో కొన్ని మాటలు, కాలువతో మరికొన్ని వచ్చాయి. వచ్చినవాటి చివర తెలుగువాడు ఉకారం తగిలించాడు, కన్నడిగుడూ అదే చేశాడు. అందుకే గేటు, మైలు, గేజు అంటే ఇక్కడ ఇద్దరికీ ఒకటే.

గేజు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కాలువ నీటి అంచున గుర్తులు వేసి నిలబెట్టిన కొలతపలక అది. నీళ్లు ఏ గుర్తు దాకా ఉన్నాయో చూస్తే ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయో లెక్క కట్టవచ్చు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. అలాంటివి 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఎడమ కాలువ పొడవు 227 కిలోమీటర్లు. దేశం కిలోమీటర్లకు మారి దశాబ్దాలైనా కాలువ మీద లెక్క మైళ్లలోనే. 69వ మైలు దగ్గర గేజు ఎంత, 104వ మైలు దగ్గర ఎంత అన్నదే దిగువ రైతు అడిగే ప్రశ్న. అక్కడ మట్టం నిలవకపోతే కిందున్న నారుమడికి నీరందదు.

నీళ్లు చాలని ఏడాది వంతులు పెడతారు. దాన్ని 'ఆన్ అండ్ ఆఫ్' అంటారు. ఆన్ అంటే మీ తూముకు నీళ్లు, ఆఫ్ అంటే పక్కవాళ్లకు. పొట్ట మీదున్న వరికి ఆఫ్ నాలుగు రోజులు ఎక్కువైతే గింజ తాలుపోతుంది.

గేటు బరువు ఎంతో 2024 ఆగస్టు 10 రాత్రి అందరికీ తెలిసింది. తుంగభద్ర డ్యాముకున్న 33 గేట్లలో 19వదాని చెయిను తెగి, గేటు కొట్టుకుపోయింది. ఖరీఫు నాట్ల కాలం, జలాశయం నిండి ఉంది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో, నీళ్లు పారుతుండగానే స్టాప్‌లాగులు అనే అడ్డుపలకలు దించి వారంలో ఆ ఖాళీ మూశారు. ఆ వారమంతా రాయచూరు రైతులకు వేరే మాట లేదు.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట 'టెయిలెండ్'. కాలువ తోకభాగం. మాన్వి, సిరవార, రాయచూరు తాలూకాల్లో ఎందరో టెయిలెండ్ రైతులు. నీళ్లు అందకపోవడం తోకకు సహజం అన్నట్టు ధ్వనిస్తుంది ఆ మాట. అది నిజం కాదు. ఈ కాలువను వరి కోసం తవ్వలేదు. జొన్న, పత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పంటలకు కాస్త కాస్త నీరిచ్చి, వీలైనంత ఎక్కువ మెట్టను కరువు నుంచి కాపాడాలన్నది అసలు ఆలోచన. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో నిర్ణయించిన పట్టికలున్నాయి. ఆ పద్ధతికి 'లోకలైజేషన్' అని పేరు. ఆ పొడుగు మాట ఫైళ్లు దాటి గట్టు మీదికి పెద్దగా రాలేదు. ఎగువన వరి పరుచుకుంది. వేసినవాళ్లలో క్యాంపుల్లోని మనవాళ్లు ముందున్నారు. వాళ్ల కష్టం తక్కువది కాదు, సోనమసూరికి సింధనూరు ప్రాంతం పేరు తెచ్చుకుందంటే ఆ చేతుల చలవ చాలా ఉంది. కానీ ఆ పచ్చదనంలో కొంత దిగువ రైతు వాటా నీళ్లతో పండిందే.

డ్యాము దగ్గరి మునిరాబాదులో నీటిపారుదల సలహా సమితి కూర్చున్నప్పుడు టీఎంసీలు, క్యూసెక్కులు, తేదీలు లెక్క తేలుస్తారు. అదే రోజున లోకలైజేషన్ పట్టికను కూడా కాలువ మైళ్ల వారీగా, ఎగువ రైతులూ దిగువ రైతులూ ఉన్నచోట, కన్నడంలోనూ తెలుగులోనూ చదివి వినిపించాలి.