ప్రొద్దుటి యాహారము: మధుమేహము గల కర్షకులకు కొన్ని మాటలు

గత మాసమున మన సంఘపు గోదాము వద్ద ఎరువుల కొఱకు వరుసలో నిలిచియున్న యొక వృద్ధ సభ్యుడు, ఒడలెల్ల చెమట పట్టి, చేతులు వణకి, నిలిచినచోటనే కూలబడెను. విచారింపగా ఆయనకు మధుమేహము కలదనియు, వైద్యుడిచ్చిన మాత్రను తెల్లవాఱుజామున మ్రింగి, చక్కెర తగ్గవలెనన్న తినకుండుటయే మేలని తలంచి, ఏమియు తినకయే బయలుదేరెననియు తెలిసినది. ప్రక్కనున్నవారు చక్కెర కలిపిన నీరు త్రాగింపగా కొంతసేపటికి తేరుకొనెను. ఈ సంగతి చూచిన పిమ్మట మేమీ వ్యాసము వ్రాయ నిశ్చయించితిమి.

మధుమేహమును రక్తపుపోటును పట్టణవాసులకే వచ్చునను తలంపు పూర్వముండెను. నేడు మన గ్రామములలో ఈ వ్యాధులు లేని వీధి యరుదు. ఒకప్పుడు నాగలి పట్టినవాడు తిన్నదెల్ల చెమటయై పోయెడిది. ఇప్పుడు దున్నుటకు ట్రాక్టరును, నూర్చుటకు యంత్రమును, పొలమునకు పోవుటకు మోటారుసైకిలును వచ్చినవి. పని తగ్గినది గాని పళ్లెములోని యన్నపు రాశి తగ్గలేదు. వ్యాధి కలదని తెలిసిన పిమ్మట కొందఱు ప్రొద్దుట తినుటయే మానుచున్నారు. మఱికొందఱు రాగులు మంచివని విని రెండు చెంబుల జావ త్రాగుచున్నారు. ఈ రెండును పొరపాటులే.

ఏల పొరపాటులో వివరింతుము. ఆహారములోని పిండిపదార్థము కడుపులో జీర్ణమై చక్కెరగా మాఱి రక్తమున చేరును. ఆ చక్కెరను శరీరము వినియోగించుకొనుటకు ఇన్సులిన్ అను రసము కావలయును. మధుమేహము గలవారియందు ఆ రసము చాలకుండును, లేదా యున్నది సరిగా పనిచేయకుండును. కావున వారు గమనింపవలసిన విషయములు రెండు. తిన్న పిండిపదార్థమెంత? అది యెంత వేగముగా రక్తమున చేరును? ధాన్యపు తవుడు, పప్పుల పొట్టు, కూరలలోని పీచు ఆ వేగమును తగ్గించును. మైదాపిండి, మెత్తగా విసరిన పిండి, జావగా కాచిన పిండి ఆ వేగమును పెంచును.

తవుడు తీసిన బియ్యము వలని నష్టము క్రొత్తగా తెలిసినది కాదు. 19వ శతాబ్దాంతమున జావా ద్వీపమునందు ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, పాలిషు బియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడు పెట్టగా అవి కోలుకొనుటయు గమనించెను. ఆ కృషికి 1929లో ఆయనకు నోబెలు బహుమానములో భాగము లభించినది. బెరిబెరి వ్యాధిని విచారించుటకై 1918లో కూనూరునందు రాబర్టు మెక్కారిసన్ ఆరంభించిన చిన్న పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు మాఱి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది.

ఆ సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ననుసరించి, 100 గ్రాముల పాలిషు బియ్యమున పీచు 3 గ్రాములకు లోపు. జొన్నలలో సుమారు 10, రాగులలో 11, పొట్టు తీయని పెసలలో 17 గ్రాములు. 100 గ్రాముల రాగులలో కాల్షియము 364 మిల్లిగ్రాములుండగా, అంతే బియ్యమున 10 మిల్లిగ్రాములైనను లేదు. పెసలలో మాంసకృత్తులు 22 గ్రాములకు పైబడియున్నవి.

అయితే అదే పట్టికలో మఱియొక లెక్కయు కలదు. 100 గ్రాముల బియ్యమున పిండిపదార్థము 78 గ్రాములుండగా, రాగులలోను జొన్నలలోను 67 గ్రాముల వఱకు కలదు. భేదమున్నది గాని యది మిక్కిలి పెద్దది కాదు. రాయలసీమలో రాగులనియు, ఉత్తరాంధ్రమున చోడులనియు, తెలంగాణమున తైదలనియు పిలువబడు ఈ ధాన్యము మేలైనదే. కాని యది మందు కాదు. కొలత లేక తిన్నచో రాగులును చక్కెరను పెంచును. పలుచని జావకంటె గట్టి సంకటియు, మెత్తని పిండికంటె రవ్వయు మేలు. సంకటి ముద్ద యొకటి చాలును. దానితో ఆకుకూర పప్పు సమృద్ధిగా నుండవలెను.

ఇక మన యిండ్లలో ప్రొద్దుట తిను పదార్థములను ఒక్కొక్కటిగా చూతము.

పెసరట్టు: పొట్టు పెసలనే నానబెట్టి రుబ్బుదుము గనుక ఇది యుత్తమము. నూనె చెంచాతో కొలిచి వేయవలెను. అట్టులో ఉప్మా పెట్టినచో తప్పించుకొన్న పిండిపదార్థము తిరిగి లోపలికి వచ్చును.

ఇడ్డెన: ఆవిరిపై ఉడుకును గనుక నూనె లేదు, కాని దానిలో హెచ్చుపాలు బియ్యపు రవ్వయే. మినపపప్పు పాలు పెంచి, బియ్యపు రవ్వలో కొంత తీసి జొన్నరవ్వ కలిపినచో మేలు. రెండు మూడింటితో ఆపి, కూరముక్కలు మెండుగా నున్న సాంబారు పోసికొనవలెను.

జొన్నరొట్టె: ఒకటి రెండు రొట్టెలు పప్పుకూరతో తినిన మధ్యాహ్నము వఱకు ఆకలి నిలుచును.

చల్దియన్నము: రాత్రి చల్లారిన యన్నమున కొంత పిండిపదార్థము త్వరగా జీర్ణము కాని రూపము పొందును. ఐనను ఆ మార్పు స్వల్పము, అన్నము అన్నమే. చిన్న గిన్నెడు తీసికొని, మజ్జిగయు ఉల్లిపాయయు చేర్చి, ప్రక్కన ఉడికిన గ్రుడ్డో గుగ్గిళ్లో పెట్టుకొనవలెను. ఆవకాయ ముద్దతో తినుట రక్తపుపోటు గలవారికి తగదు. దినమున కొక మనుష్యునికి ఉప్పు 5 గ్రాములకు లోపుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా అన్ని వంటకములలోని యుప్పును కలిపి ఒక చిన్న చెంచాడు.

పూరి, మైసూరు బజ్జీ: మైదాయు నూనెయు కలిసినవి. సంతకు పోయినప్పుడెల్ల తినుట మాని, ఎప్పుడైన నొకనాటికి పరిమితము చేయుట మంచిది.

తేనీరు, కాఫీ: చెంచాడు చక్కెర 5 గ్రాములు తూగును. రెండేసి చెంచాలు వేసిన రెండు గ్లాసులు త్రాగినచో, తిండి ముట్టకముందే 20 గ్రాముల చక్కెర చేరినట్లే.

పెట్టెలలో వచ్చు ఓట్సు చెడ్డవి కావు. కాని వానిలో మనము కోరు పీచును మన జొన్నలును పెసలును తక్కువ వెలకే యిచ్చును. పండించినవాడే తన పంటను అమ్మి, ఆ సొమ్ముతో దూరదేశపు ధాన్యమును కొనుట యేమి లాభము?

కొలత కొక సులభమైన పద్ధతి కలదు. పళ్లెమును మనస్సులో నాలుగు భాగములు చేయుడు. రెండు భాగములు కూరలును ఆకుకూరలును. ఒక భాగము పప్పు, గ్రుడ్డు వంటివి. మిగిలిన యొక్క భాగమే అన్నమో, సంకటియో, రొట్టెయో. తిన్న రెండు గంటలకు రక్తపరీక్ష చేయించుకొన్నచో ఏ యాహారము తమకెట్లు పడుచున్నదో తమకే తెలియును.

ఇప్పుడు గోదాము వద్ది సంగతికి తిరిగి వత్తము. ఇన్సులిన్ సూది గాని, చక్కెరను వేగముగా తగ్గించు కొన్ని మాత్రలు గాని తీసికొనువారు భోజనము మానరాదు. మందు తనపని తాను చేయును. కడుపులో నేమియు లేనిచో రక్తములోని చక్కెర హద్దు మీఱి పడిపోవును. చెమట, వణకు, కన్నులు తిరుగుట, మాట తడబడుట దీని గుర్తులు. అట్టి వేళ మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి వెంటనే త్రాగి, పావుగంటకును తగ్గనిచో మఱల త్రాగి, పిమ్మట భోజనము చేయవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు. తక్షణమే వైద్యశాలకు చేర్చవలెను. పొలమునకు పోవునప్పుడు చక్కెర పొట్లమొకటి జేబులో నుంచుకొనుడు. మందును తమంతట తాము తగ్గించుటయు మానుటయు కూడదు. మూత్రపిండముల వ్యాధి గలవారు ఆహారము మార్చుటకు ముందు వైద్యుని అడుగవలెను.

తుద కొక మనవి. భారతదేశపు ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. లోకమంతయు మెచ్చుకొన్న యీ పంటను మనము కల్లములోనే యమ్మివేసి, యింటికి పాలిషు బియ్యము తెచ్చుకొనుచున్నాము. ఈ యేడు కోతలు కాగానే ఇంటిల్లిపాదికి సరిపడు జొన్నలు, రాగులు, పెసలు ముందుగా కొలిచి యుంచి, మిగిలినదే యమ్ముడు. బియ్యమును మరపట్టించునపుడు పాలిషు తగ్గింపుమని చెప్పుడు. తవుడులో నూనె యుండుటచే అట్టి బియ్యము త్వరగా చెడును గనుక నెలకు చాలినంతయే ఆడించుకొనుట మేలు.

కూలబడిన యా పెద్ద యిప్పుడు మాత్రకు పిమ్మట పెసరట్టొకటి తిని గాని గడప దాటుటలేదు. సభ్యులెల్లరును అట్లే చేయుదురుగాక యని కోరుచున్నాము.